మూడు నెలల్లో అయిపోతుందన్నావట

ఒరేయ్ కన్నా,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు బిల్లింగూ స్టాకూ అకౌంట్సూ అన్నీ ఒకేసారి కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చేస్తున్నావనీ మూడు నెలల్లో అయిపోతుందన్నావనీ చెప్పాడు. 14 మందితో బిజినెస్ నడుపుతూ ఇంత పని నెత్తికెత్తుకున్నావంటే గర్వంగానే ఉంది, కానీ ఆ మూడు నెలల మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. సరిగ్గా అదే మాట ఒకప్పుడు నేనూ అన్నా.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. ఏం కావాలో కాగితం మీద పెట్టు. వెండర్‌కి డబ్బంతా ముందే ఇచ్చెయ్యకు, పని అయిన కొద్దీ ఇవ్వు. బ్యాకప్ తీసుకో, తీసుకున్నది తెరుచుకుంటుందో లేదో కూడా చూసుకో.

ఇప్పుడు నా ఘనకార్యం విను. మా స్టోర్ చూసే ఆయన పెద్దగా మాట్లాడడు, కంప్యూటర్ అంటే ఆమడ దూరం. కొత్తదానికి మారడానికి వారం ముందు వచ్చి, "మేడం, సరుకంతా ఒకసారి చేత్తో లెక్కపెట్టి అప్పుడు ఎక్కిద్దాం, పాత సిస్టమ్ కూడా ఒక నెల నడవనిద్దాం" అన్నాడు. రెండుసార్లు ఎంట్రీ చెయ్యడానికి మనుషులెక్కడున్నారని అందరి ముందూ కసిరేశా. ఆర్డర్లు ఊపిరాడనివ్వని నెలాఖర్లో పాతది ఆపేసి కొత్తది మొదలెట్టాం. పది రోజులకి గానీ తెలీలేదు, ఒకమ్మాయి స్టాక్ పెట్టెల్లో ఎక్కించింది, ఇంకో అబ్బాయి పీసుల్లో ఎక్కించాడు, పెట్టెకి 12 పీసులు. ఒక సరుకు 40 పెట్టెలుంటే 40 పీసులని చూపించింది, అయిపోతోందనుకుని మళ్ళీ కొన్నాం, ఇంకోటి 240 పీసులుంటే 240 పెట్టెలని చూపించింది, లేని సరుకుకి ఆర్డర్లు ఒప్పేసుకున్నాం. డబ్బంతా గోడౌన్‌లో ఇరుక్కుపోయింది, కస్టమర్లు తిడుతున్నారు, ఆ నెల జీతాలు 9 రోజులు లేటు. పెద్ద కంపెనీ అయితే ఇలాంటిది దులిపేసుకుని పోతుంది, మనకి ఒక్క చెడ్డ నెల చాలు. ఆయన మాత్రం "చెప్పాను కదా" అని ఒక్క మాట అన్లేదు, మూడు రాత్రులు కూర్చుని లెక్కపెట్టాడు. రెండు తిట్టినా బాగుండేదిరా.

ఆ కంగారులో బయటనుంచి ఇంకో ఐదుగుర్ని తెచ్చా. లేటయిన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకి మనుషుల్ని కలిపితే ఇంకా లేటవుతుందని ఐబీఎమ్‌లో పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు, నేను వింటేగా. 5 మంది మధ్య మాట్లాడుకునే జతలు 10, 10 మంది అయితే 45. పైగా కొత్తవాళ్ళకి నేర్పాల్సింది పాతవాళ్ళే, బిల్లులు కొట్టాల్సిందీ వాళ్ళే.

మనలాంటి చోట చిక్కంతా అదే, ప్రాజెక్టుకని వేరే మనుషులుండరు. మీ అకౌంటెంట్ రోజుకో గంట ఇస్తుందనుకుంటున్నావు కదా, ఆ గంటలో ఆమె పని ఎవరు చేస్తారో పేరు రాయి. పేరు లేదంటే ఆ గంట లేనట్టే. అసలు మూడు నెలలని ఎలా లెక్కేశావ్? మనిషి తన ప్లాన్ చూసుకుని మురిసిపోతాడు గానీ అలాంటి పనులు ఇదివరకు ఎంతకాలం పట్టాయో చూడడని కానెమన్, ట్వెర్స్కీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1979లోనే రాశారు. నీ సైజు బిజినెస్ చేసే ఇద్దరు ముగ్గుర్ని అడుగు. ముందు బిల్లింగ్ ఒక్కటే మార్చు. మధ్యలో "ఎలాగూ చేస్తున్నాం, ఇది కూడా కలిపేద్దాం" అని ఎవరన్నా అంటే (నువ్వే అంటావ్, మా అన్నయ్య కొడుకువి కదా) రెండో విడతకి రాసిపెట్టు.

ఇంకోటి. అందర్నీ కూర్చోబెట్టి, "ఆరు నెలలయింది, ప్రాజెక్టు మునిగిపోయింది, ఎందుకు మునిగింది?" అని చీటీల మీద రాయమను. గ్యారీ క్లైన్ అనే సైకాలజిస్ట్ దీనికి ప్రీమార్టమ్ అని పేరు పెట్టాడు. నోరు విప్పని వాళ్ళు కూడా రాస్తారు. చదివేటప్పుడు మాత్రం మొహం మాడ్చుకోకు, చిన్నప్పుడు ఆటలో ఓడిపోతే బుగ్గలు ఉబ్బించుకుని తలుపు వెనక నిలబడేవాడివి, నాకింకా గుర్తే.

మీ స్టోర్ చూసేది ఎవరని అడిగితే మీ నాన్నకి తెలీలేదు. రేపు వాళ్ళతో ఒక అరగంట కూర్చో, ఏమన్నారో రాత్రికి ఫోన్ చేసి చెప్పు. ఎంత లేటయినా పర్లేదు, మేలుకునే ఉంటా.

మీ అత్త