గన్ అడిగే గాలి ఎంత, కంప్రెసర్ ఇచ్చేది ఎంత?

ప్రశ్న: నా దగ్గర 50 లీటర్ల ట్యాంక్ ఉన్న 2 హెచ్‌పీ కంప్రెసర్ ఉంది, దాని మీద 8 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అనే కొలత) అని రాసుంది. ఈమధ్య 1.4 మి.మీ. నాజిల్‌తో హెచ్‌వీఎల్‌పీ (ఎక్కువ గాలి, తక్కువ ప్రెషర్‌తో పనిచేసే) పెయింట్ స్ప్రే గన్ కొన్నాను, దానికి 29 పీఎస్‌ఐ ప్రెషర్ దగ్గర 12 సీఎఫ్‌ఎం కావాలట. బీరువా తలుపుకి కొడుతుంటే మొదట్లో నున్నగా పడుతోంది, సగానికి వచ్చేసరికి చుక్కలు చుక్కలుగా పడి గరుకైపోతోంది. ట్యాంక్ పెద్దది వేయించమంటున్నారు. వేయించనా?

జవాబు: వద్దండీ, ఆ డబ్బు దాచుకోండి. ట్యాంక్ గాలిని నిల్వ చేస్తుందే తప్ప పుట్టించదు, ఆ పని పంపుది. మీ గన్‌కి కావాల్సిన 12 సీఎఫ్‌ఎం అంటే నిమిషానికి దాదాపు 340 లీటర్ల గాలి. కంప్రెసర్ మీద రాసిన 8 మాత్రం చాలావరకు పిస్టన్ సైజుని బట్టి కట్టిన లెక్క అయ్యుంటుంది, నిజంగా బయటికొచ్చే గాలి వేరు, దాన్ని ఎఫ్‌ఏడీ అంటారు, 2 హెచ్‌పీ మెషీన్లలో అది 5 సీఎఫ్‌ఎం అటూఇటూగా, అంటే 140 లీటర్లు మాత్రమే ఉంటుంది. నిమిషానికి 200 లీటర్ల లోటన్నమాట. ట్యాంక్‌లో ప్రెషర్ 8 బార్ నుంచి 3 బార్‌కి దిగేలోపు దొరికే గాలి 250 లీటర్లు, అది ఒక నిమిషం పైచిలుకు వస్తుంది, సరిగ్గా మీ తలుపు సగానికి వచ్చే టైమ్ అదే. 100 లీటర్ల ట్యాంక్ పెడితే ఆ నిమిషం రెండు నిమిషాలవుతుంది, ఆ తర్వాత మళ్లీ ఇవే చుక్కలు, పైగా ట్యాంక్ నిండడానికి రెట్టింపు సేపు ఆగాలి.

అయితే తప్పంతా కంప్రెసర్‌దేనని తేల్చేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. గన్ పిడి దగ్గర గేజ్ బిగించి, పెయింట్ పోయకుండా ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి పట్టుకుని, గన్ గేజ్‌నీ ట్యాంక్ గేజ్‌నీ రెండూ చూడండి. ట్యాంక్ నిండుగా ఉన్నా నొక్కగానే గన్ దగ్గర ముల్లు ఢామ్మని పడిపోతే లోపం గొట్టంలోనో కప్లింగుల్లోనో ఉంది, పావు అంగుళం గొట్టం పదిహేను మీటర్లు సాగదీసి వాడేవాళ్లకి ఇది మామూలే, 3/8 అంగుళం గొట్టానికి మారితే పోతుంది. అలా కాకుండా మోటార్ ఆగకుండా తిరుగుతూనే ఉన్నా రెండు ముళ్లూ మెల్లగా దిగిపోతుంటే పంపు చాలడం లేదు. అన్నట్టు, ప్రెషర్ సెట్ చేసేటప్పుడు కూడా ట్రిగ్గర్ నొక్కే ఉంచాలి. గాలి కదలనప్పుడు గేజ్ చూపించే అంకెను నమ్ముకుంటే గన్‌కి అందేది ఎప్పుడూ తక్కువే.

మీ లెక్క చూస్తే రెండోదే అనిపిస్తోంది. కంప్రెసర్ మార్చడం కంటే గన్ మార్చడం తేలిక. ఎల్‌వీఎల్‌పీ (తక్కువ గాలి, తక్కువ ప్రెషర్‌తో పనిచేసే) గన్‌లలో 4 సీఎఫ్‌ఎం లోపు సరిపెట్టుకునేవి ఉన్నాయి, పని కాస్త నెమ్మదిగా సాగుతుంది కానీ బీరువాలకి, తలుపులకి హాయిగా సరిపోతాయి. చిన్న ముక్కలకైతే మినీ గన్ చాలు. ఏది కొన్నా గన్ అడిగే సీఎఫ్‌ఎం కంటే కంప్రెసర్ ఎఫ్‌ఏడీ కనీసం పాతిక శాతం ఎక్కువుండాలి, ఎందుకంటే ఇలాంటి చిన్న పిస్టన్ మెషీన్లు చాలావరకు విరామం లేకుండా తిరగడానికి చేసినవి కావు.

ప్రశ్న: కంప్రెసర్ పక్కనే నీటి ఫిల్టర్ పెట్టాను. అయినా గంటసేపు కొట్టాక పెయింట్‌లో చిన్నచిన్న గుంటలు పడుతున్నాయి. ఎందుకు?

జవాబు: పంపు లోంచి వచ్చే గాలి వేడిగా ఉంటుంది, ఆ వేడిలో నీళ్లు ఆవిరి రూపంలోనే ఫిల్టర్ దాటిపోయి గొట్టంలో చల్లబడ్డాక బిందువులవుతాయి. ఫిల్టర్‌ని పంపు పక్కన కాకుండా, గాలి కొంత దూరం ప్రయాణించి చల్లబడే చోట పెట్టండి. ట్యాంక్ కింద వాల్వ్ తిప్పి నీళ్లు రోజూ వదలండి. కంప్రెసర్ చిన్నదై ఆగకుండా తిరుగుతుంటే వేడీ ఎక్కువే, నీళ్లూ ఎక్కువే, కాబట్టి మీరు కూడా పైన చెప్పిన సీఎఫ్‌ఎం లెక్క ఒకసారి వేసుకోండి. నీళ్లు ఆగినా గుంటలు ఆగకపోతే గాలిలో పంపు ఆయిల్ వస్తోందేమో, రేకు మీద గ్రీజు మిగిలిందేమో చూడాలి.

ప్రశ్న: ప్రైమర్ కోసం 1.4 నాజిల్ తీసి 1.8 వేస్తే గాలి ఎక్కువ కావాలా?

జవాబు: పెద్దగా కాదు. గాలి ఖర్చుని ప్రధానంగా నిర్ణయించేవి గన్ ముందున్న ఎయిర్ క్యాప్ (గాలి బయటికొచ్చే రంధ్రాలున్న మూత), మీరు పెట్టే ప్రెషర్. నాజిల్‌తో పాటు దాని నీడిల్ (నాజిల్ రంధ్రాన్ని మూసే సూది) కూడా మార్చండి, రెండూ ఒకే సెట్‌వి కాకపోతే ట్రిగ్గర్ వదిలాక కూడా కారుతూనే ఉంటుంది.