ఆర్‌సీ కారు లైపో బ్యాటరీని రాత్రి ఛార్జింగ్‌లో పెట్టి పడుకోవచ్చా?

మీరు మూడు సంగతులు అడిగారు. మీ పన్నెండేళ్ల అబ్బాయి ఆర్‌సీ కారు, అంటే రిమోట్‌తో నడిచే కారు, బ్యాటరీ 2ఎస్ (రెండు సెల్స్), 5000 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్). దాన్ని రాత్రి బెడ్‌రూంలో ఛార్జింగ్‌లో పెట్టి పడుకోవచ్చా? ఛార్జర్‌లో ఎంత కరెంటు పెట్టాలి? ప్యాక్ ఒక పక్క కాస్త ఉబ్బింది, ఇంకా వాడొచ్చా?

మొదటిదానికీ మూడోదానికీ జవాబు ఒకటే అండీ: వద్దు. ఉబ్బిన ప్యాక్‌ని ఇంకోసారి ఛార్జింగ్‌కి పెట్టకండి. డబ్బులు పోతాయని మనసు పీకుతుంది, నాకు తెలుసు. అయినా పెట్టకండి.

నేను మల్కాజిగిరిలో ఉంటాను, మూడో అంతస్తు ఫ్లాట్. ఏడేళ్లుగా ఈ కార్లు నడుపుతున్నాను. మూడేళ్ల కింద మే నెలలో ఒక మధ్యాహ్నం బాల్కనీలో 3ఎస్ ప్యాక్ ఛార్జింగ్‌లో పెట్టాను. దాని బ్యాలెన్స్ వైరు, అదే తెల్ల ప్లగ్గు ఉన్న సన్న వైర్ల కట్ట, అంతకు ముందు కారు బోల్తా పడ్డప్పుడు ఊడింది. తర్వాత బాగు చేద్దాంలే అని లావు వైర్లు రెండే తగిలించి, మామూలు ఛార్జ్ మోడ్ పెట్టి అన్నానికి కూర్చున్నాను. మా ఆవిడ బట్టలు తీయడానికి బాల్కనీలోకి వెళ్లి, "ఇక్కడ నెయిల్ పాలిష్ వాసన వస్తోంది, చూడండి" అని పిలిచింది. వెళ్లేసరికి ప్యాక్ పూరీలా పొంగి ఉంది. ఆమె గోడ మీద స్విచ్ ఆపేసింది. నేను వంటింటి పట్టకారుతో ప్యాక్‌ని పట్టుకుని పక్కనున్న ఖాళీ పూలకుండీలో పడేశాను. అర నిమిషం కూడా కాలేదు, బుస్సుమని తెల్ల పొగ, వెనకే మంట. కుండీ పగిలింది, గోడ నల్లబడింది. మళ్లీ రంగు వేయించినా ఆ మరక లీలగా కనిపిస్తూనే ఉంటుంది. పట్టకారుతో తీయడం కూడా తప్పే, చేతిలో ఉండగానే అంటుకుని ఉండేది. ఇదే బెడ్‌రూంలో రాత్రి రెండింటికి జరిగి ఉంటే అన్న ఊహ నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఎందుకు జరిగిందో చెప్తాను, ఎందుకంటే అసలు జాగ్రత్త అంతా అందులోనే ఉంది. లైపోలో ఒక్కో సెల్ నిండితే 4.20 వోల్టులు. 2ఎస్ అంటే రెండు సెల్స్, 8.4. 3ఎస్ అంటే మూడు, 12.6. లావు వైర్లలో ఛార్జర్‌కి కనిపించేది మొత్తం ఒక్కటే. లోపల రెండు సెల్స్ 4.10 దగ్గర ఉండి మూడోది 4.40కి ఎక్కినా మొత్తం 12.6నే. ఛార్జర్ అంతా సరిగ్గా ఉందనుకుంటుంది. ఆ మూడో సెల్ లోపల మాత్రం గ్యాస్ పుడుతుంది, వేడెక్కుతుంది. సన్న వైరు తగిలిస్తేనే ఏ సెల్ ఎక్కడుందో విడివిడిగా తెలిసి, ఛార్జర్ వాటిని సమానం చేస్తుంది. అందుకని ఎప్పుడూ బ్యాలెన్స్ ఛార్జ్ మోడే. ఆ వైరు ఊడితే బాగయ్యేదాకా ఆ ప్యాక్ పక్కన పెట్టాల్సిందే.

మీ ఛార్జర్‌లో ముందు కనిపించేవి బ్యాటరీ రకం, సెల్స్ లెక్క. రకం లైపో, సెల్స్ 2ఎస్. పాత కార్లలో వచ్చే నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ మోడ్‌లో లైపోని పెడితే 8.4 దగ్గర ఆగదు. ఆ మోడ్ వెతికేది వేరే గుర్తు, నిండాక వోల్టేజీ కొద్దిగా పడిపోవడం. లైపోలో అది రాదు. ఈ రెండు సెట్టింగులూ మీరే చూడండి, బాబుకి వదలకండి.

ఇక కరెంటు. 5000 ఎంఏహెచ్ ప్యాక్‌కి 5 ఆంపియర్లు, 2200దైతే 2.2. దీన్నే 1సీ అంటారు. ప్యాక్ మీద పెద్ద అక్షరాల్లో 50సీ అనో 60సీ అనో ఉంటుంది, అది కారు లాక్కునే కరెంటు గురించి, ఛార్జింగ్ గురించి కాదు. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. నేనైతే తొందర లేకపోతే 5 ఆంపియర్ల ప్యాక్‌కి 3 పెడతాను. అటూ ఇటూగా గంటన్నర, రెండు గంటల్లో అయిపోతుంది. అందుకే రాత్రంతా అవసరమే లేదు. సాయంత్రం మీరు అదే గదిలో కూర్చుని ఉన్నప్పుడు పెట్టండి. పొయ్యి మీద పాలు పెట్టి బజారుకు వెళ్లం కదా, అంతే.

ఎక్కడ పెట్టాలి? మా ఇంట్లో ఒక షాబాద్ బండ ముక్క ఉంది, ఫ్లోరింగ్ పనిలో మిగిలింది. దాన్ని బాల్కనీలో నీడ పట్టున వేసి, దాని మీద వెడల్పు మూతి మట్టి కుండ, కుండలో ప్యాక్, బయట ఛార్జర్. పక్కన బకెట్‌లో పొడి ఇసుక. పరుపు, సోఫా, టేబుల్ క్లాత్ దగ్గర అస్సలు వద్దు. బాల్కనీ లేకపోతే కిటికీ ఉన్న గదిలో నేల మీద, కానీ ఇంటి ప్రధాన తలుపు పక్కన మాత్రం వద్దు. మంట వస్తే బయటపడే దారి అదే. సెల్లార్‌లో ఛార్జింగ్ పెట్టే స్నేహితుడొకాయన ఉన్నారు. చుట్టూ పెట్రోలు బండ్లు, మనిషి పైన ఫ్లాట్‌లో. ఎన్నిసార్లు చెప్పానో. మంట వస్తే ప్యాక్‌ని ముట్టుకోకండి. మెయిన్ ఆపి, అందుతుందనుకుంటే దూరం నుంచి ఇసుక పోసి, అందరినీ బయటికి తీసుకెళ్లండి, 101కి ఫోన్ చేయండి. ఇసుక లోపలి మంటని ఆర్పదు, చుట్టూ పాకకుండా పట్టి ఉంచుతుంది. ఆ పొగ విషం, పీల్చకూడదు.

మన ఊళ్లో ఎండ ఇంకో సంగతి. ఈ సెల్స్‌ని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. మే నెల మధ్యాహ్నం బాల్కనీలో నీడలోనే 41, 42 ఉంటుంది, ఇక ప్యాక్ సొంత వేడి కలిస్తే చెప్పక్కర్లేదు. వేసవిలో పొద్దున ఎనిమిది లోపు గానీ రాత్రి అన్నాల వేళకి గానీ పెట్టండి. కారు నడిపి తెచ్చిన ప్యాక్ చేతికి చల్లగా తగిలేదాకా ఆగాలి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలేయడం అన్నిటికన్నా చెడ్డది.

మీ ప్యాక్ ఎందుకు ఉబ్బిందో చూడకుండా చెప్పలేను గానీ, నా రెండు ప్యాక్‌లు మాత్రం వాన వల్ల ఉబ్బాయి. ఒక జులైలో ఆదివారం ఆటకని శనివారమే నిండా ఛార్జ్ చేశాను. వాన పట్టుకుంది, ఆ వారం లేదు, పై వారం లేదు. మూడు వారాలు నిండుగా అలమారాలో ఉండిపోయాయి. నిండుగా ఉంచినా పాడవుతాయి, సెల్ 3 వోల్టుల కిందికి దిగేదాకా నడిపినా పాడవుతాయి. ఆట రద్దయితే ఆ రాత్రే స్టోరేజ్ మోడ్‌లో పెట్టి సెల్‌కి 3.8 వోల్టులకి దించండి. కారు స్పీడ్ కంట్రోలర్‌లో లైపో కటాఫ్, అంటే వోల్టేజీ మరీ దిగకుండా కారుని ఆపే సెట్టింగు, ఆన్ చేసి ఉందో లేదో కూడా ఒకసారి చూడండి. పిల్లలు కారు మందగించినా ఆపరు.

ఉబ్బిన ప్యాక్‌ని గుచ్చకండి, నొక్కకండి, చెత్త బండిలో అసలు వేయకండి. లారీలో నలిగితే అక్కడే అంటుకుంటుంది. ఉబ్బు కొద్దిగానే ఉండి, ప్యాక్ చల్లగా ఉంటే ఆరుబయట కుండలో పెట్టి, 12 వోల్టుల 21 వాట్ల బండి బల్బు తగిలించి సున్నాకి వచ్చేదాకా ఉంచండి. తర్వాత వైర్ల కొసలకి విడివిడిగా టేపు చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి. గట్టిగా పొంగి ఉంటే బల్బు కూడా వద్దు, ఇంటి బయట ఇసుకలో ఉంచి వాళ్లనే అడగండి. ఉప్పునీళ్లలో వేయమంటారు కొందరు. వైర్ల కొసలు ముందే తుప్పు పట్టి లోపల కరెంటు మిగిలిపోతుంది, నేను ఒకసారి చేసి మానేశాను.

కోఠి గుజరాతీ గల్లీలో కనెక్టర్లు, టంకం సామాను దొరుకుతాయి. ప్లగ్గు మార్చాల్సి వస్తే మాత్రం రెండు వైర్లూ ఒకేసారి కత్తిరించకండి. ఒకటి తెంచి, అతికి, టేపు వేశాకే రెండోది.

కొత్త ప్యాక్ తెచ్చాక మొదటి ఛార్జింగ్ అయిపోగానే ఛార్జర్ స్క్రీన్ మీద రెండు సెల్స్ వోల్టేజీ రాసి పెట్టుకోండి. రెండిటి మధ్య తేడా 0.02 దాటితే ఇక్కడ రాయండి, ఛార్జర్ పేరు కూడా చెప్తే చూసి చెప్తాను.