ఫ్లైవీల్ విప్పినప్పుడే క్రాంకు ఆట చూసుకో

అబ్బాయీ,

ఫ్లైవీల్ (ఇంజన్ చివర తిరిగే బరువైన చక్రం) మారుస్తున్నానని రాశావు. గేర్‌బాక్స్ దింపి, క్లచ్ విప్పి అంతదాకా వెళ్లినవాడివి క్రాంక్ షాఫ్ట్ ఎండ్ ప్లే, అంటే ఆ షాఫ్ట్ తన పొడవునా ముందుకీ వెనక్కీ జరిగే ఆట, చూడకుండా మాత్రం మూసెయ్యకు. ఆ ఆటని అదుపులో ఉంచే థ్రస్ట్ వాషర్లు అరిగి ఉండగానే కొత్త ఫ్లైవీల్ బిగిస్తే వెనక ఆయిల్ సీల్ కారొచ్చు, నువ్వు మళ్లీ గేర్‌బాక్స్ కిందికి దూరాలి.

విప్పకముందే చేసే చిన్న పరీక్ష ఒకటుంది. ఇంజన్ ఆపేసి ఎవరినైనా క్లచ్ తొక్కమను, నువ్వు ముందు పుల్లీని చూడు. తొక్కినప్పుడల్లా కంటికి తెలిసేలా కదిలితే వాషర్లు పోయినట్టే. ఐడిల్‌లో క్లచ్ తొక్కగానే ఇంజన్ శబ్దం మారినా, అణిగిపోయినా ఆ వాషర్లని కూడా అనుమానించాలి.

అసలు కొలత డయల్ గేజ్‌తోనే, అంటే సన్నటి కదలికని ముల్లుతో చూపే పరికరంతో. దాని అయస్కాంతపు బేస్‌ని ఇంజన్ బ్లాకు మీద నిలబెట్టు. అల్యూమినియం బ్లాకైతే అయస్కాంతం పట్టదు, బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పే గేర్‌బాక్స్ డొప్ప) బోల్టు రంధ్రానికి ఇనప పట్టీ బిగించి దాని మీద పెట్టు. గేజ్ కొన క్రాంకు ఫ్లాంజి (ఫ్లైవీల్ బిగించే చివరి ముఖం) మీదో, ఫ్లైవీల్ మధ్యభాగంలోనో ఆనాలి. అంచు మీద పెట్టావంటే మెయిన్ బేరింగుల్లో ఉన్న కాస్త లూజు కూడా పెద్దదై కనిపించి నిన్ను తప్పుదారి పట్టిస్తుంది. కొన క్రాంకు పొడవుకి సరిగ్గా సమాంతరంగా ఉండాలి, వాలకూడదు. ఒక మిల్లీమీటరు లోపలికి నొక్కి ఉంచు.

ఇప్పుడు క్రాంకుని ఒకవైపు పూర్తిగా తోసి, రెండు మూడు క్షణాలు అలాగే పట్టుకుని సున్నా పెట్టు. చిక్కటి ఆయిల్ పొర జరగడానికి ఆ కాస్త సమయం కావాలి. తర్వాత రెండోవైపు తోసి ముల్లు చూడు. మూడుసార్లు ఒకే అంకె వచ్చేదాకా నమ్మకు. తోయడానికి సన్నటి ప్రై బార్ (మీట కడ్డీ) వాడొచ్చు గానీ దాన్ని ఆయిల్ సంపు (ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి) అంచుకి ఆనించి లాగితే సంపు సొట్టపోతుంది.

చాలా కార్ల ఇంజన్లకి ఈ ఆట 0.05 నుంచి 0.25 మి.మీ. మధ్య ఉంటుంది. 0.30 దాటితే ఆలోచించాల్సిందే. ఇది ఉజ్జాయింపు మాత్రమే, నీ ఇంజన్ మాన్యువల్లో రాసిందే లెక్క.

ఎక్కువొస్తే కొన్ని ఇంజన్లలో సంపు, ఒక మెయిన్ బేరింగ్ క్యాపు విప్పి అర్ధచంద్రాకారపు థ్రస్ట్ వాషర్లు మార్చొచ్చు. నూనె గాడులున్న ముఖం క్రాంకు వైపే ఉండాలి. తిప్పి పెడితే నూనె అందక వాషర్లు తొందర్లోనే అరిగిపోతాయి. క్రాంకు ముఖమే గీతలు పడి ఉంటే వాషర్ మార్చి లాభం లేదు. ఎందుకు అరిగిందో కూడా వెతుకు: పెడల్ మీద ఎప్పుడూ కాలు ఆనించడం, రిలీజ్ బేరింగ్‌కి (పెడల్ తొక్కితే క్లచ్‌ని నొక్కే బేరింగ్) ఖాళీ లేకపోవడం, అవసరానికి మించిన గట్టి ప్రెషర్ ప్లేట్ (క్లచ్‌ని అదిమి పట్టే పళ్లెం), ఎక్కువగా ఇవే.

ఇలా థ్రస్ట్ వాషర్లున్న ఇంజన్లలో ఫ్లైవీల్ మారిస్తే ఎండ్ ప్లే మారదు. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఎయిర్ కూల్డ్ ఇంజన్ సంగతి వేరు. అక్కడ ఫ్లైవీల్ ముఖానికీ ఫ్లైవీల్ వైపు మెయిన్ బేరింగ్‌కీ మధ్య ఉండే మూడు షిమ్ములే (పలచటి రింగులే) ఆటని నిర్ణయిస్తాయి, కాబట్టి కొత్త ఫ్లైవీల్ వేసిన ప్రతిసారీ కొలవాలి. ఆయిల్ సీల్ లేకుండా రెండు షిమ్ములే వేసి ఫ్లైవీల్ బిగించి కొలువు. సీల్ ఉంటే దాని పట్టు వల్ల క్రాంకు సాఫీగా జరగదు. వచ్చిన అంకెలోంచి 0.10 మి.మీ. తీసేస్తే మూడో షిమ్ము మందం. 0.46 వచ్చిందనుకో, 0.36 షిమ్ము వెయ్యి. ప్రతి షిమ్మునీ మైక్రోమీటర్‌తో కొలిచి చూసుకో. చివరికి 0.07 నుంచి 0.13 మధ్య ఉండాలి. లెక్క కుదిరిందని రెండు షిమ్ములతో సరిపెట్టకు, మూడూ ఉండాల్సిందే. ఫ్లైవీల్‌ని బిగించే 36 మి.మీ. నట్టుకి దాదాపు 340 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి, మామూలు రెంచ్‌తో అయ్యే పని కాదు.

ఏ ఇంజన్ అయినా ఫ్లాంజి మీద బర్రు (లేచిన లోహపు మొన), మురికి లేకుండా తుడిచి, బోల్టులు ఎదురెదురుగా బిగించు. కంపెనీ కొత్తవే వెయ్యమంటే పాత బోల్టులు మళ్లీ వాడకు. తర్వాత ఫ్లైవీల్ రనౌట్ (తిరిగేటప్పుడు ముఖం అటూఇటూ ఊగడం) చూసేటప్పుడు క్రాంకుని ఒకేవైపు నొక్కి పట్టుకుని తిప్పు, లేదంటే ఎండ్ ప్లే అందులో కలిసిపోయి మంచి ఫ్లైవీల్ కూడా వంకరగా కనిపిస్తుంది. గేర్‌బాక్స్ ఎక్కించాక క్రాంకు ముందుకీ వెనక్కీ అసలు జరగకపోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ దాన్ని ముందుకి తోస్తోందన్నమాట. అలా ఉండగా స్టార్ట్ చెయ్యకు.

ఉంటాను.