తల అనే మాట గురించి ఒక ఉత్తరం

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు చిత్తూరు నుంచి పంపిన కథ అందింది, రెండుసార్లు చదివాను. మొక్కు తీర్చుకోవడానికి కొడుకు వెంట కొండకు వచ్చిన ఒక పల్లెటూరి తల్లి గురించి రాయాలని నీవు తలపెట్టడం నాకు నచ్చింది. అయితే పదకొండు పేజీలలో తల అన్న మాటను ఇరవైసార్లకు పైగా వాడిన నీవు ఒక్కసారైనా ఆమె తలను చూసినట్లు నాకు తోచలేదు. అందువల్ల కథలోని మిగిలిన సంగతులు పక్కన పెట్టి ఆ ఒక్క మాట మీదనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా నీ నాలుగో పేజీ. కల్యాణకట్టలో ఆమె ‘శిరోముండనం చేయించుకుంది’ అని రాశావు. నిఘంటువును అడిగితే అందులో తప్పు లేదనే అంటుంది. కానీ 1996లో తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళిత యువకులకు బలవంతంగా గుండు కొట్టించిన ఘోరాన్ని పత్రికలు ఏళ్ల తరబడి ఆ పేరుతోనే రాశాయి కనుక, ఈనాటి పాఠకుడికి ఆ మాటలో భక్తి కంటే ముందు అవమానమే వినిపిస్తుంది. కొండకు వచ్చిన మనిషి ‘గుండు కొట్టించుకున్నాను’ అంటుంది, లేదా మొక్కును తలచుకుని ‘తలనీలాలు ఇచ్చాను’ అంటుంది; జుట్టంతా ఇవ్వలేని ఆడవాళ్లు ‘మూడు కత్తెర్లు ఇచ్చాము’ అంటారు. తలనీలాలలోని నీలం జుట్టు నలుపే. ఏడు కొండలలో ఒకటైన నీలాద్రిని, స్వామికి తన కురులు ఇచ్చిన నీలాదేవి కథను కూడా ఆ మాటతో ముడిపెట్టి చెబుతారు. చేతిలో అంత మాట ఉండగా నీవు సంస్కృతం వైపు ఎందుకు వెళ్లావో నాకు అర్థం కాలేదు.

జాతీయాల విషయంలో నీది మరో తొందర. క్యూలో నిలబడిన ఆమెకు ‘తల ప్రాణం తోకకు వచ్చింది’ అన్నావు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన మనిషికి ఆ మాట తగును; నీ కథలో ఆమె బస్సులో వచ్చింది. అలాగే అత్తతో రోజూ తగవు పడే కోడలిని ‘తలలో నాలుక’ అన్నావు. ముప్పై రెండు పళ్ల మధ్య ఉంటూ ఒక్కదాని కింద కూడా నలగకుండా మెలిగే నాలుకను ఒకసారి ఊహించి ఉంటే ఆ మాట నీ కలం నుంచి వచ్చేది కాదు. జాతీయం పాతబడేకొద్దీ దాని వెనుక ఉన్న బొమ్మ మాసిపోతుంది. వాడే ముందు ఆ బొమ్మను తుడిచి చూసుకోవలసిన పని రచయితదే.

ఇక తలకు, తలకాయకు ఉన్న తేడా. దీనికి సూత్రం చెప్పలేను, చెవితోనే పట్టుకోవాలి. మన వైపు కోపం వచ్చినప్పుడు తల కాస్తా తలకాయ అవుతుంది. ‘నా తలకాయ!’ అని విసుక్కునే మనిషి ‘నా తల!’ అని విసుక్కోదు. మాంసం కొట్టులో అడిగేదీ తలకాయనే. అదే మనిషి కొడుకు పెళ్లికి పోయించేవి తలంబ్రాలు, అంటే తల మీద పోసే ప్రాలు, బియ్యం. రేపు ఆ కొడుకు తనకు పెట్టవలసినది తలకొరివి. ఈ రెండు చోట్లా కాయకు చోటు లేదు. నీ కథలో తల్లి కొడుకును తిట్టేటప్పుడు ‘తల’ అని, దేవుడికి మొక్కేటప్పుడు ‘తలకాయ’ అని పలికింది. సరిగ్గా తలకిందులు చేశావు.

తల మనిషికి మాత్రమే ఉండేది కాదన్నది నీకు తెలిసే ఉంటుంది. ఇంటికి తలవాకిలి, పడకకు తలాపు, నీవు రాసే అక్షరానికి తలకట్టు ఉన్నాయి. నేరబైలు దగ్గర 270 అడుగుల ఎత్తు నుంచి నీరు దూకే తలకోనకు, శేషాచలం కొండల వరుసకు అది తల కావడం వల్లనే ఆ పేరు వచ్చిందని అక్కడివారు చెబుతారు. తమిళుల తలై, కన్నడిగుల తలె కూడా మన తలకు అక్కచెల్లెళ్లే, చిత్తూరు వాడివి కనుక తలై నీకు కొత్త కాదు. కానీ ‘తలలో పుడుతుంది కనుక తలపు’ అని నీవు చివరి పేజీలో చేసిన చమత్కారాన్ని మాత్రం కొట్టివేశాను. పాత నిఘంటువులు దానిని తలఁపు అని అరసున్నతో రాస్తాయి, తలలో ఆ అరసున్న లేదు. పోలిక కనిపించగానే చుట్టరికం కలపవద్దు.

కథను ఈ ఉత్తరంతో పాటు తిరిగి పంపుతున్నాను. కల్యాణకట్ట నుంచి బయటికి వచ్చి గుండుకు గంధం రాసుకోబోతూ, ఇన్నేళ్లుగా జడ ఉన్న చోట మొదటిసారి చెయ్యి పెట్టినప్పుడు ఆమెకు ఏమి తగిలిందో నీవు ఎక్కడా రాయలేదు. ముందు ఆ నాలుగు వాక్యాలు, తల అన్న మాట వాడకుండా, రాసి పంపు.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన