అరుదైన పుస్తకాల గదికి వెళ్లే ముందు

చి. మాధవికి,

వచ్చే నెల యూనివర్సిటీ లైబ్రరీలో అరుదైన పుస్తకాల విభాగానికి వెళ్తున్నానని, టెన్షన్‌గా ఉందని రాశావు. టెన్షన్ అక్కర్లేదు గానీ ముందే కాస్త పని చేసుకోవాలి. అక్కడ బీరువాల మధ్య తిరుగుతూ నచ్చింది తీసుకోవడం కుదరదు. మనం అడిగినవి వాళ్లే లోపలి నుంచి తెచ్చిస్తారు. కొన్ని వేరే భవనంలో ఉండొచ్చు. అందుకని కేటలాగులో ఒక్కో పుస్తకానికీ ఇచ్చే గుర్తు సంఖ్యలు, అంటే కాల్ నంబర్లు రాసుకుని ఇప్పుడే మెయిల్ పెట్టు.

ఆ మెయిల్లో ఉత్త జాబితా పంపకు. దేని కోసం వెతుకుతున్నావో నాలుగు వాక్యాల్లో చెప్పు. ఉత్తరాలు, డైరీలు, చిత్తుప్రతులు ఉన్న సేకరణల్లో సాధారణంగా ఒక్కో కాగితానికీ విడిగా ఎంట్రీ ఉండదు. పెట్టెకో ఫోల్డరుకో ఓ చిన్న వివరణ, అంతే. లోపల ఏముందో కళ్లారా చూసినవాళ్లు అక్కడి లైబ్రేరియన్లే. కేటలాగులో ఎంత వెతికినా దొరకనిది వాళ్లు ఒక్క మాటలో చెప్పేస్తారు. రీసెర్చి చేసేవాళ్లు ఎందుకో వాళ్లని అడగడానికి మొహమాటపడతారు. నువ్వు పడకు.

పెన్ను, నీళ్ల సీసా, బ్యాగు బయటే. పెన్సిలూ ల్యాప్‌టాపూ చాలు. తెల్ల గ్లవ్స్ కొనాలా అని అడిగావు, సినిమాల్లో చూసి ఉంటావు! ఇప్పుడు చాలా లైబ్రరీలు మామూలు పుస్తకాలకు వాటిని వద్దనే అంటున్నాయి. గ్లవ్స్ వేసుకుంటే వేళ్లకు కాగితం అందాజు తెలియదు, అంచులు చిరుగుతాయి. క్రీములేవీ రాయకుండా, కడిగి బాగా తుడుచుకున్న చేతులే మేలు. ఫొటోలు, నెగటివ్‌లకు మాత్రం గ్లవ్స్ వాడమంటారు. 19వ శతాబ్దపు ఆకుపచ్చ గుడ్డ బైండింగులకూ అనొచ్చు. ఆ రంగు కొన్నింటిలో ఆర్సెనిక్ అనే విషం ఉంది, అక్కడ కాపాడేది పుస్తకాన్ని కాదు, నిన్ను.

ఎంత పాతదైతే అంత పెళుసు అనుకోకు. 1500కు ముందు యూరప్‌లో అచ్చయినవి చాలావరకు గుడ్డపీలికలతో చేసిన కాగితం మీద ఉన్నాయి, ఇప్పటికీ గట్టిగానే ఉంటాయి. 19వ శతాబ్దం రెండో సగంలో కలపగుజ్జు కాగితం వచ్చాక అసలు గొడవ మొదలైంది. అందులోని ఆమ్లం కాగితాన్ని తినేస్తుంది, పేజీ తిప్పితే ముక్క చేతికొస్తుంది. ఏదైనా సరే, ఫోమ్ దిమ్మెల మీద ఆనించి, తెరుచుకున్నంతే తెరువు.

పుస్తకానికి స్కాన్ దొరికితే ఇంట్లోనే చదివేసి వెళ్లు. అక్కడ ఉన్న కాస్త సమయమూ ఆ ఒక్క ప్రతిని చూడటానికే. ఎవరి సంతకం ఉంది, మార్జిన్లో ఎవరు ఏం రాశారు, ఎక్కడ గీతలు గీశారు, అట్ట లోపల అతికించిన పాత కాగితపు ముక్క ఏ పుస్తకంలోది... స్కాన్‌లో ఇవి సరిగా కనపడవు. వాటర్‌మార్క్, అంటే కాగితం తయారీలోనే పడి వెలుతురుకు ఎదురుగా పెడితే కనపడే గుర్తు, చూడాలంటే కింద పెట్టే లైట్ షీట్ ఉందేమో అడుగు. చేత్తో అచ్చు వేసే రోజుల్లో ముద్రణ నడుస్తుండగానే తప్పులు దిద్దేవారు, దిద్దకముందు వచ్చిన కాగితాలనూ పారేసేవారు కాదు. అందుకే ఒకే ముద్రణలోని రెండు ప్రతులకూ తేడా ఉండొచ్చు. వేరేచోట చూశాను కదా అని వదిలేయకు.

ఫొటోలు తీయనిస్తే ఫ్లాష్ ఆపి, ప్రతి ఫొటోలో కాల్ నంబర్ చీటీ పడేలా తియ్యి. లేకపోతే తర్వాత ఏది ఏ పెట్టెలోదో తెలియదు. ఆ ఫొటోలను నీ వ్యాసంలోనో పుస్తకంలోనో అచ్చు వేసుకోవాలంటే అనుమతి వేరేగా అడగాలి. ఫోల్డర్లో కాగితాల వరస తప్పుగా అనిపించినా నువ్వు సర్దకు, వాళ్లకి చెప్పు.

మెయిల్‌కు జవాబు రాగానే నాకు పంపు. ఏ పెట్టెలు ముందు అడగాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దనాన్న