అప్పుల ఒత్తిడిలో ఉన్న మా అబ్బాయికి

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నాన్నా, నీ ఉత్తరం అందింది. జీతం పడిన రోజున మనసు తేలికపడాల్సింది పోయి, ఆ రోజు దగ్గరపడుతుంటేనే గుండె దడ మొదలవుతోందని రాశావు. వచ్చిన డబ్బు వారం తిరక్కుండానే వాయిదాలకు పోతోందనీ, రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ కన్ను మూతపడట్లేదనీ రాశావు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను జనం అప్పుల లెక్కలే చూశాను. నీలాంటి పరిస్థితిలో నా ఎదురుగా కూర్చున్నవాళ్లు చాలామంది. వాళ్లలో తేరుకున్నవాళ్లు ఏం చేశారో కళ్లారా చూశాను కాబట్టే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. ఈమధ్య బుర్ర పనిచేయట్లేదని నిన్ను నువ్వు తిట్టుకోకు. చేతిలో డబ్బు ఆడకపోతే ఎవరి ఆలోచనైనా మందగిస్తుంది. దీనిమీద 2013లో 'సైన్స్' అనే పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. చెరకు రైతులకు కోతకు ముందు, ఇరుకు రోజుల్లో ఒకసారి, పంట డబ్బు చేతికొచ్చాక మరోసారి ఒకే తరహా పరీక్షలు పెట్టారు. మనుషులు వాళ్లే, కానీ ఇరుకులో ఉన్నప్పుడు స్పష్టంగా వెనకబడ్డారు. అందుకని నీకు ఒక షరతు పెడుతున్నాను. రాత్రిపూట, భయంలో ఉన్నప్పుడు డబ్బు విషయంలో ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఐదు నిమిషాల్లో అప్పు ఇస్తామనే యాప్‌లకు అలాంటప్పుడు సులువుగా దొరికిపోతాం. ఏదైనా సరే, తెల్లవారాక, ఇంకొకరితో మాట్లాడాకే.

ఇక చేయాల్సిన పని. ఒక పెద్ద కాగితం తీసుకుని ప్రతి అప్పూ రాయి. ఎవరికి, ఇంకా ఎంత బాకీ, వడ్డీ ఎంత, నెలకు ఎంత కట్టాలి, ఏ తారీఖున. స్నేహితుల దగ్గర తీసుకున్న చేబదుళ్లు కూడా రాయాలి. వాటికి వడ్డీ లేదని మనం లెక్కలోకి తీసుకోం గానీ, నిద్ర చెడగొట్టేవి చాలాసార్లు అవే. ఆ పక్కన గత మూడు నెలల ఖర్చులు బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి రాయి. జ్ఞాపకం మీద రాయకు, జ్ఞాపకం ఎప్పుడూ ఖర్చు తక్కువ చేసే చెబుతుంది. మొత్తం కూడాక ఒక అంకె వస్తుంది. అది చూస్తే ఆ పూట అన్నం సయించకపోవచ్చు. కానీ ఎంతో తెలియని అప్పు పెట్టే భయం కంటే ఎంతో తెలిసిన అప్పు పెట్టే భయం తక్కువ. ఇది ఎంతమంది విషయంలో చూశానో.

ఆ కాగితం రాసేటప్పుడు కోడలిని పక్కన కూర్చోబెట్టుకో. "తనకెందుకు ఈ బాధ, నేనే చూసుకుంటాను" అని రాశావు. అది ప్రేమే, కాదనను. కానీ నువ్వు చెప్పకపోతే తను పాత లెక్కలోనే ఇల్లు నడుపుతుంది. తర్వాత నువ్వు వద్దన్న ప్రతిసారీ పిసినారితనం అనుకుంటుంది. పైగా దాచిన అప్పు బయటపడినప్పుడు డబ్బు కంటే నమ్మకం ఎక్కువ దెబ్బతింటుంది. పిల్లలకు అంకెలు అక్కర్లేదు. "కొన్నాళ్లు చూసి ఖర్చు పెట్టుకుందాం" అంటే చాలు, వాళ్లు మనం అనుకున్నదానికంటే బాగా అర్థం చేసుకుంటారు.

నీ క్రెడిట్ కార్డు బాకీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నిన్ను నిజంగా తినేస్తున్నది అదే. బిల్లులో ఈ నెలకు ఇంతైనా కట్టాలని అడిగే కనీస మొత్తం కడుతున్నాను కదా అని నిశ్చింతగా ఉన్నావు. బాకీ లక్ష అనుకుందాం, వడ్డీ నెలకు 3 శాతం, కనీస మొత్తం బాకీలో 5 శాతం. మొదటి నెల నువ్వు కట్టేది సుమారు 5,000. అందులో 3,000 వడ్డీకే పోతుంది. ఇలా ఏడాది కడితే నీ జేబులోంచి 55,000 దాకా పోతుంది, అయినా బాకీ ఇంకా 77,000 మిగిలే ఉంటుంది. అదీ కార్డు మళ్లీ ఒక్కసారి కూడా గీయకపోతే. అదే బాకీకి నెలనెలా తగ్గించకుండా 5,000 కడితే 31 నెలల్లో తీరుతుంది. 7,000 కడితే 19 నెలల్లోనే తీరిపోతుంది, మొత్తంమీద 22,000 పైగా మిగులుతుంది. కాబట్టి బిల్లు మీద ఉన్న కనీస మొత్తం వైపు చూడకు. నువ్వు కట్టగలిగిన మొత్తం ఒకటి ఖాయం చేసుకుని, బాకీ తగ్గినా దాన్ని తగ్గించకు.

మిగతా అప్పులన్నిటికీ వాయిదా తప్పకుండా కట్టు. పైన మిగిలిన ప్రతి పైసా ఎక్కువ వడ్డీ ఉన్నదాని మీద పెట్టు. ముందు చిన్న అప్పులు తీర్చేస్తే ఉత్సాహం వస్తుందని కొందరంటారు. చేబదుళ్ల వరకూ నేనూ అదే అంటాను, అవి తీరితే మనుషుల ముఖం చూడగలం. మిగతావాటికి మాత్రం వడ్డీయే లెక్క.

తాహతులో బతకడం అంటే చిన్న చిన్న సరదాలు చంపుకోవడం అని అందరూ అనుకుంటారు. నేను ఒప్పుకోను. రోజువారీ ముచ్చట్లు కోసేస్తూ పోతే ఇంట్లో చిరాకు పెరుగుతుంది, మూడో నెలకల్లా విసిగి ఒక్కసారే ఎడాపెడా ఖర్చు పెడతారు. సంసారం ఇరుకున పడేది మూడు నాలుగు పెద్ద నిర్ణయాల దగ్గర: ఎంత అద్దె ఇంట్లో ఉంటున్నాం, ఎంత పెద్ద వాహనం వాయిదాల్లో కొన్నాం, పిల్లల్ని ఏ బడిలో వేశాం, వేడుకలు ఏ స్థాయిలో చేస్తున్నాం. ఇవి నీ ఆదాయానికి మించి ఉంటే ఇంకెక్కడ ఎంత పొదుపు చేసినా చాలదు. ఆ కారు గురించి ఆలోచించు నాన్నా. దాన్ని అమ్మేస్తే వచ్చే డబ్బు దాని అప్పుకు సరిపోతుందేమో కనుక్కో. నలుగురూ ఏమనుకుంటారని వెనకాడొద్దు, ఆ నలుగురూ నీ వాయిదా కట్టరు.

ఇంకొకటి, లెక్క వేసుకునేవాళ్లు కూడా తప్పిపోయే చోటు. బీమా ప్రీమియం, బడి ఫీజు, వాహనం మరమ్మతు, ఇంట్లో శుభకార్యాలు. ఇవి నెలనెలా రావు కాబట్టి లెక్కలో ఉండవు, వచ్చిన నెల అప్పు చేయిస్తాయి. ఏడాది మొత్తం కూడి 12తో భాగించి, ఆ మొత్తాన్ని జీతం పడిన రోజే వేరే ఖాతాలో వేసెయ్యి. మొదటి ఆరునెలలు కష్టంగానే ఉంటుంది. అలాగే అప్పు తీరుస్తూనే ఒక నెల ఇంటి ఖర్చుకు సరిపడా సొమ్ము పక్కన కూడబెట్టు. చేతిలో ఏమీ లేకుండా ఉన్నదంతా అప్పుకే కట్టేస్తే, ఒక్క జ్వరంతో మళ్లీ కార్డు బయటికి తీస్తావు. అప్పులన్నీ తీరాక దాన్ని మూడు నుంచి ఆరు నెలల ఖర్చు దాకా పెంచుకోవచ్చు.

ఆరోగ్య బీమా మాత్రం ఎంత ఇరుకైనా ఆపొద్దు. అమ్మ మందులూ అంతే. ఎవరికీ హామీ సంతకం పెట్టకు. పాత అప్పు తీర్చడానికి కొత్తది తీసుకోవచ్చా అని అడిగావు. కొత్తదాని వడ్డీ నిజంగా తక్కువై, ఫీజులన్నీ కలిపినా లాభముండి, తీసుకున్న రోజే పాత కార్డు మూసేస్తానంటేనే సరే. మూయకపోతే ఏడాదికి రెండూ నెత్తిన ఉంటాయి.

వచ్చే నెల వాయిదా కట్టలేనేమో అన్నావు. అయితే తారీఖు దాటాక కాదు, ఇప్పుడే అప్పు ఇచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లు. గడువు పెంచి వాయిదా తగ్గించమని రాతపూర్వకంగా అడుగు. గడువు పెరిగితే మొత్తం వడ్డీ పెరుగుతుంది, అది తెలిసే అడుగు. తప్పించుకు తిరిగేవాళ్ల మీద కంటే ముందుగా వచ్చి లెక్క చూపించినవాళ్ల మీద మాకు నమ్మకం ఎక్కువుండేది. ఫోన్లు ఎత్తడం మానేయొద్దు. ఎవరైనా బెదిరించినా, బూతులు తిట్టినా తారీఖు, సమయం రాసిపెట్టుకుని ఫిర్యాదు చెయ్యి. అప్పుపడినంత మాత్రాన నిన్ను అవమానించే హక్కు ఎవరికీ రాదు.

చివర్లో నీ ఉత్తరంలో "నేను లేకపోతేనే వీళ్లు బాగుంటారేమో" అని ఒక వాక్యం రాశావు. దాన్ని నేను ఊరికే చదివి వదిలేయలేను. అలాంటి ఆలోచన మళ్లీ వస్తే తెల్లవారేదాకా ఆగకు. కోడలిని లేపు, నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడకు, నిద్ర పట్టకపోవడం కూడా ఆయనకు చెప్పు. ఎంత పెద్ద అప్పుకైనా గడువు పెంచుకోవచ్చు, తగ్గించమని అడగొచ్చు, చట్టప్రకారం దారులు వెతకొచ్చు. వాటిలో ఏదీ కుదరకపోతే ఏం చేయాలో నేనూ నీతో కూర్చుని చూస్తాను.

ఈ శనివారం నేను వస్తున్నాను. స్టేట్‌మెంట్లు తీసి ఉంచు, కార్డు బిల్లులు కూడా. కోడలికి ఈలోపే చెప్పు, నేను వచ్చాక నా నోటితో తెలియడం బాగుండదు.

మీ పెద్దమ్మ