ఎఫ్‌ఎక్స్30 కొనొచ్చా?

ప్రశ్న: షార్ట్ ఫిల్మ్ తీద్దామని సోనీ కెమెరా ఎఫ్‌ఎక్స్30 చూస్తున్నాం. మీరు వాడి చూశారట, ఎలా ఉందండీ?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు నాకు నచ్చింది బాడీ మీదే ఉన్న స్క్రూ రంధ్రాలు. కేజ్ (కెమెరా చుట్టూ బిగించే లోహపు చట్రం) లేకుండానే మైకు, మానిటర్ బిగించేయొచ్చు. లోపల వేడిని తగ్గించే ఫ్యాన్ ఉంది, లాంగ్ టేకులకి ధైర్యం. ఎస్-లాగ్3లో (తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా రికార్డు చేసే సోనీ పద్ధతి) బేస్ ఐఎస్ఓలు, అంటే సెన్సర్ బాగా పనిచేసే వెలుతురు సెట్టింగులు, రెండు: 800, 2500. రాత్రి టీ బంకు దగ్గర వీధిదీపం వెలుగులో 2500 పెట్టి చూశా. నీడల్లో నాయిస్ (చుక్కలు చుక్కలుగా కనిపించే గరుకుదనం) 1600లో కన్నా తక్కువ! అదీ దీని అసలు సత్తా.

4కెలో సెకనుకు 120 ఫ్రేములకెళ్తే బాగా క్రాప్ అవుతుంది (దృశ్యం అంచులు కోసుకుపోతాయి), స్లోమోషన్‌లో వైడ్ షాట్ మీద ఆశ పెట్టుకోకండి. వ్యూఫైండర్ లేదు. లోపల వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టరూ లేదు (ఇదే నాకు మింగుడుపడలేదు). మిట్టమధ్యాహ్నం షూటింగ్ ఉంటే వేరియబుల్ ఎన్‌డీ (వెలుగు ఎంత తగ్గాలో తిప్పి మార్చుకునే ఫిల్టర్) ఖర్చు బడ్జెట్‌లో ఇప్పుడే రాసుకోండి. లెన్సులంటారా, అద్దెకు తెచ్చుకోవచ్చు.